ట్రబులు గారు

మొన్న మంగళవారం మా క్లినిక్కులో ఒక పెద్దాయన ఎదురుగా కూర్చుని, గుండెల మీద చెయ్యి వేసుకుని, "ఏం లేదు డాక్టరుగారూ, చిన్న ట్రబులు" అన్నాడు. విశాఖపట్నంలో ఈ మాట రోజుకి పాతికసార్లు వింటాను. ఇక్కడ పొట్ట ఉబ్బితే గ్యాస్ ట్రబులు, కోడలు మాట్లాడకపోతే ఫ్యామిలీ ట్రబులు. స్కూటరుకి స్టార్టింగ్ ట్రబులు, పొద్దున్నే దాని యజమానికీ అదే ట్రబులు. వినీ వినీ ఏమీ అనిపించని మాటే గాని, ఆ రోజెందుకో నోరు జారాను.

"చిన్న ట్రబులా, ట్రబులు గారా?" అని అడిగాను.

ఆయన గోడకున్న నా డిగ్రీల వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు. ఈసీజీ తీస్తే నిజంగా గ్యాసే. మందు రాసి పంపాను గాని, ఆయన మళ్లీ నా గడప తొక్కుతాడన్న నమ్మకం నాకు లేదు.

దీనికంతటికీ కారణం ఒక ఆయమ్మ. నేను చదువు ముగించిన కొత్తలో, అరకు వెళ్లే దారిలో అనంతగిరి మండలంలోని ఒక ఆరోగ్య కేంద్రంలో మూడేళ్లు పనిచేశాను. ఆవిడ అక్కడ ఆయా. కాగితం మీద ఆవిడ పని గదులు ఊడవడం, సూదులూ కత్తెర్లూ మరగబెట్టడం. అసలు పని, రోగులు చెప్పింది నాకు చెప్పడం. కొండమీది మాటలు మూడు రకాలు, పైన ఒరియా, దానిపైన మా కిందవాళ్ల తెలుగు ఆవిడకు వచ్చు. నాకు వచ్చినవి రెండు, అందులో ఒకటి అక్కడెవరికీ అక్కర్లేని ఇంగ్లీషు.

పోయిన వానాకాలంలో ఆవిడ చనిపోయిందని అక్కడి ఫార్మసిస్టు ఫోన్ చేసి చెప్పాడు. ఏం జబ్బు అని అడగబోయి ఊరుకున్నాను. ఆవిడ ఉంటే అడగనిచ్చేది కాదు.

పొట్టి మనిషి. ముక్కుకి మూడు పోగులు, చెవి నిండా పోగులు, మోకాళ్ల కిందికి దిగని చీర. ఆసుపత్రి వెనక మెట్ల మీద కూర్చుని అడ్డపొగ తాగేది. నిప్పున్న వైపు నోట్లోపల పెట్టుకుని, చుట్ట ఆర్పకుండా, మాట ఆపకుండా తాగడం మా ఉత్తరాంధ్ర ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. అంగిలి కాలిపోతుంది, క్యాన్సరొస్తుంది అని నేను కేకలేస్తే, ఆవిడ నిప్పు నోట్లోనే ఉంచుకుని, "బయటకెడితే చలి కదా బాబూ" అనేది. పదిహేను రోజులు పోరాడి ఆ విషయం వదిలేశాను.

ఇంక ఆవిడ తర్జుమా. రోగి నా ఎదుట కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ, చేతులు తిప్పుతూ, పొట్ట చూపిస్తూ, వీపు చూపిస్తూ, కొండవైపు చూపిస్తూ పది నిమిషాలు చెప్పుకునేవాడు. ఆవిడ శ్రద్ధగా విని, మధ్యమధ్య అయ్యో అని, చివరికి నావైపు తిరిగి ఒకే మాట చెప్పేది.

"ట్రబులు."

"అంతసేపు చెప్పాడు కదా ఆయమ్మా, ఇంకేమన్నాడు?"

"అదే సెప్పినాడు. మల్లా మల్లా సెప్పినాడు."

మొదటి నెల నా రోగుల పుస్తకం చూసినవాళ్లు ఎవరైనా, ఆ కొండల్లో ఒకటే జబ్బుందనుకోవాలి. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్లుగా, జ్వరముందా అని నేను గుచ్చిగుచ్చి అడిగితే అన్నీ వివరంగా చెప్పేది. ఏ రాత్రి చెమట పట్టిందో, ఏ పూట గంజి దిగలేదో, అన్నీ. జబ్బు పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ట్రబులే. జ్వరం అనదు, విరేచనం అనదు, పచ్చకామెర్లు అనదు.

అందులో తరగతులున్నాయని తెలియడానికి నాకొక పాము కావలసి వచ్చింది. ఓ ఉదయం క్వార్టర్సులో ఉప్మా తింటున్నాను. ఆవిడ గుమ్మంలో నిలబడి, గొంతు పెంచకుండా, "బాబూ, ట్రబులు గారొచ్చినారు, బేగి రండి" అంది. వేళాకోళమాడుతోందనుకుని, ఉన్న ఉప్మా తిని, చెయ్యి కడుక్కుని, తీరిగ్గా వెళ్లాను. వెళ్లేసరికి బల్లమీద ఒక ముసలాయన, మోకాలి దాకా వాచిన కాలు, మడమ మీద రెండు గాట్లు. దేవుడి దయవల్ల మందు ఫ్రిజ్జులో ఉంది కాబట్టి ఆయన బతికాడు. ఆ తర్వాత ఆవిడ నోట గారు అన్న మాట వినబడితే చాలు, నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తేవాణ్ని.

చిన్న ట్రబులంటే రేపు రమ్మన్నా ఫరవాలేదు. ఉత్త ట్రబులంటే ఇవాళే చూడాలి. ట్రబులు గారంటే అన్నీ వదిలేసి లేవాలి. నేను చదివిన లావుపాటి పుస్తకాల్లో రోగుల్ని ఇలా విడదీయడానికి ఒక అధ్యాయం ఉంది. దానికన్నా ఇదే బాగుందని ఇప్పటికీ నా అభిప్రాయం.

"పాము కరిచిన దానికి గారు ఏమిటి ఆయమ్మా?" అని తర్వాత అడిగాను.

"పెద్దోలొస్తే కుర్సీ ఎయ్యమా? మరియాద సెయ్యకపోతే కోపమొచ్చి కూకుండిపోతారు. మరియాద సేత్తే బేగి ఎల్లిపోతారు." కాస్త ఆగి, "మీ కింద ఆపీసర్లు అంతే కదా" అంది.

ఆ ట్రబులన్న మాట ఎక్కడినుంచి పట్టుకొచ్చిందో కూడా ఆవిడే చెప్పింది. వాళ్ల కొండల్లో జబ్బుని పేరు పెట్టి పిలవరు. పిలిస్తే పలుకుతుంది. అమ్మ, అంటే కొండమీది దేవత, ఆ పేరు వింటే ఫలానావాడు అడిగాడు కాబోలు అని పంపించేస్తుంది. పూర్వం జబ్బు పేరుకి బదులు చెయ్యి ఆడించి ఊరుకునేవారట. తర్వాత జీపులొచ్చాయి. ఘాట్లో సగం దూరం ఎక్కి జీపు ఆగిపోతే, డ్రైవరు దిగి, మూత ఎత్తి చూసి, "ట్రబులు" అనేవాడు. అది ఆవిడకు తెగ నచ్చింది.

"ట్రబులంటే జీపులికొచ్చీది బాబూ. అమ్మకి బళ్లతో పనేటి? ఇన్నా తెలవదు ఆవిడికి."

"అమ్మకి ఇంగ్లీషు రాదంటావు."

"కొంచిం కొంచిం వొచ్చు. మీలాటోలు ఊరికే ఉంటారా, నేర్పేత్తన్నారు."

నేను నవ్వాను. నవ్విన పదిరోజులకే నేనూ అమ్మకి ఒక ఇంగ్లీషు ముక్క నేర్పాను.

సుక్రు అని ఒక మనిషి, ముప్పయ్యేళ్లుంటాయి, మా ఆసుపత్రి పక్కనే కాఫీ మొక్కలు పెంచే నర్సరీలో కూలి. రెండు నెలలుగా దగ్గు, మనిషి సగమైపోయాడు. దగ్గితే పడే గళ్లకి పరీక్ష చేయిస్తే నేననుకున్నదే వచ్చింది. కొత్త డాక్టర్ని, జబ్బు పట్టుకున్నానన్న సంబరం నాది. వరండా నిండా జనం ఉన్నారన్న ధ్యాస లేకుండా, అందరికీ వినబడేలా, అతని వైపు వేలు చూపించి మరీ, "సుక్రూ, నీకు టీబీ. భయం లేదు, ఆరు నెలలు మందు వాడితే పూర్తిగా తగ్గిపోతుంది" అన్నాను.

ఆయమ్మ తర్జుమా చెయ్యలేదు. చెయ్యనక్కర్లేకపోయింది. ఆ రెండక్షరాలూ కొండెక్కి చాలాకాలమైంది. సుక్రు లేచి, నాకు దణ్ణం పెట్టి, వెళ్లిపోయాడు. అతని వెనకే ఒకరొకరుగా వరండా ఖాళీ అయింది. కాలికి కట్టు కట్టించుకుంటున్నావిడ కూడా సగం కట్టుతో లేచిపోయింది.

మర్నాడు సుక్రు మందుకి రాలేదు. పనికీ రాలేదు. మూడోరోజుకి నాకు కోపం తారస్థాయికి చేరింది. మందు పడకపోతే అతను బతకడు, ఏడాదో రెండేళ్లో. ఈలోపు పక్కలో పడుకునే భార్యకి, పాలు తాగే పిల్లకి అంటిస్తాడు. ఇంత చిన్న విషయం అర్థం చేసుకోకుండా ఈ మూఢనమ్మకాలేమిటని ఆయమ్మ మీద ఎగిరాను. ఆవిడ కత్తెర్లు మరగబెడుతూ, నావైపు చూడకుండా అంది:

"పేరెట్టి పిలిసినారు. ఏలెట్టి ఇల్లు సూపించినారు. ఇంకేటి సేత్తాడు బాబూ ఆడు?"

నాకు కోపం దిగిపోయింది, భయం పట్టుకుంది. నా నోటిదూల వల్ల ఒక మనిషి పోతాడన్నది నాకప్పటిదాకా తట్టలేదు. ఇప్పుడేం చెయ్యాలని అడిగాను.

"పదండి, ఎల్దుము" అంది.

వాళ్ల గూడేనికి దారి సిల్వర్ ఓక్ చెట్ల మధ్యనుంచి నిట్టనిలువుగా ఉంది. వాన వెలిసిన రోజు. నా బూట్లలో ఒకటీ రెండూ కాదు, నాలుగు జెలగలు. ఆవిడ ఉత్త కాళ్లతో, నోట్లో చుట్టతో, నాకన్నా ముందు నడుస్తోంది. ఊపిరందక చెట్టు పట్టుకుని నిలబడితే, వెనక్కి తిరక్కుండానే "చిన్న ట్రబులే, రండి" అంది.

సుక్రు ఇంటి ముందు అరుగుమీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి లోపలికి వెళ్లబోతే ఆయమ్మ ఏదో అని ఆపింది. ఊరి పెద్దలు నలుగురు చేరారు. ఆవిడ వాళ్ల భాషలో అరగంట మాట్లాడింది. నాకు డాట్రుబాబు అన్న మాట తప్ప ఒక్క ముక్క తెలియలేదు. మొదట అందరూ నన్ను కోపంగా చూస్తున్నారు. కాసేపటికి ఆ చూపులు మారాయి. ఒక ముసలమ్మ నా తల నిమిరింది. ఇంకొకావిడ చోడి అంబలి, అదే రాగి జావ, గిన్నెతో తెచ్చి నా చేతిలో పెట్టి, తాగమని సైగ చేసింది. అందరి ముఖాల్లోనూ జాలి ఉంది.

"ఏం చెప్పావు వీళ్లకి?" అన్నాను అనుమానం వచ్చి.

"అది మీకొచ్చినాదని సెప్పినాను."

"ఏది?"

"మీరు పిలిసినారే, అది. పిలిసినోడి ఇంటికే కదా సుట్టమొత్తాది, పక్కింటికెల్తాదా అన్నాను. ఆలు ఒప్పుకున్నారు."

"మరి సుక్రుకి?"

"ఆడికి ట్రబులు. మీరు రోజూ పొద్దున్న మందు మింగాల, ఒక్కలే మింగితే అది పని సెయ్యదు, తోడు గావాల, ఆ తోడు నువ్వుండు అన్నాను. ఉంతానన్నాడు."

"ఆయమ్మా, నాకు ఏ జబ్బూ లేదు."

"ఆ మాట ఇక్కడనకండి" అంది. ముసలమ్మ ఇంకోసారి నా తల నిమిరింది.

రోగికి ఉన్నది ఉన్నట్టు చెప్పాలని నాకు చదువు చెప్పినవాళ్లు చెప్పారు. ఇలాంటి ఏర్పాటు గురించి ఎవరూ చెప్పలేదు. పైవాళ్లకు నేను రాయనూ లేదు, రాసేది ఇదే మొదలు. అప్పుడు నాకు అర్థమైందేమిటంటే, ఇది పరువు కాపాడే ఎత్తు. సుక్రుకీ తెలుసు, ఊరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనరు. ఒక అబద్ధం చాటున మందు పడితే పడనీ అనుకున్నాను. అతని భార్యకీ పిల్లకీ కూడా ట్రబులు పేరుతోనే పరీక్షలు చేయించాను, ఇద్దరికీ అంటలేదు. పిల్లకి ముందు జాగ్రత్త మందు మొదలుపెట్టాను.

మర్నాటినుంచి పొద్దున్న ఏడున్నరకి సుక్రు వరండాలో ఉండేవాడు. ఆయమ్మ రెండు గ్లాసుల నీళ్లు తెచ్చేది. అతని చేతిలో అతని మాత్రలు, నా చేతిలో ఒక బీ కాంప్లెక్సు. ముందు నేను మింగాలి. నా గొంతు దిగేదాకా చూసి అతను మింగేవాడు. నన్ను నోరు తెరవమని ఒకటి రెండుసార్లు సైగ కూడా చేశాడు. డాక్టరుకి రోగి కాపలా కాయడం నేనక్కడే చూశాను.

ఆ మందు వేసుకుంటే ఒంటేలు ఎర్రగా వస్తుంది. వారం తిరక్కుండా సుక్రు దాని గురించి ఆయమ్మతో చాలాసేపు మాట్లాడాడు.

"మీదే రంగని అడుగుతన్నాడు" అంది ఆవిడ, కూరగాయల ధర అడిగినంత మామూలుగా.

బీ కాంప్లెక్సు పుణ్యమా అని చెప్పడానికి నాకూ ఒక రంగుంది. "పసుపు" అన్నాను. సుక్రు మొహం వాడిపోయింది. ఆవిడ అతనికేదో నచ్చజెప్పింది. పెద్ద చదువులు చదివిన ఒంట్లో మందు నెమ్మదిగా ఎక్కుతుందని చెప్పిందట. నమ్మాడో లేదో గాని, మర్నాడు ఆకు దొన్నెలో కొండతేనె తెచ్చి నాకిచ్చాడు. నా మందు సరిగ్గా పనిచెయ్యడం లేదని వెక్కిరిస్తున్నాడనుకుని నేనూ నవ్వి తీసుకున్నాను.

మూడోనెలలో మా చెల్లెలి పెళ్లికి నాలుగు రోజులు చోడవరం వెళ్లాను. మొదటిరోజు పొద్దున్నే ఫోను. పెళ్లిపందిట్లో సన్నాయి మోగుతోంది, ఒక చెవి మూసుకుని విన్నాను. "బాబూ, మీరు మింగినారా? మీరు మింగితేనే గాని మింగనని కూకున్నాడు" అంది ఆయమ్మ. మింగానన్నాను. "ఇప్పుడు మింగండి, ఇనబడాల" అంది. పట్టుబట్టలు కట్టుకుని, పెళ్లివారి ఎదుట, ఫోను గొంతుకి ఆనించుకుని గుటకలు వేశాను. మగపెళ్లివారి పెద్ద ఒకాయన, మీ అబ్బాయికి ఏమైనా ట్రబులా అని మా నాన్నని అడిగాడట. నాలుగు రోజులూ ఇదే తంతు. మందు ఎగ్గొట్టే వంక కోసం చూస్తున్నాడని సుక్రు మీద విసుక్కున్నాను కూడా.

అతను ఒక్క పూట మానలేదు. ఆరునెలల్లో ఒక్కటంటే ఒక్క పూట. కింద పట్నాల్లో చదువుకున్నవాళ్లకి, జబ్బు పేరూ మందు పేరూ పూసగుచ్చినట్టు చెప్పి పంపితే, మూడోనెలకి దగ్గు తగ్గింది కదా అని మానేసేవాళ్లని ఎంతమందినో చూశాను. సుక్రు ఒళ్లు చేశాడు. దగ్గు పోయింది. మళ్లీ బస్తాలు మోస్తున్నాడు.

ఆఖరి మాత్ర అయిన వారం గళ్ల పరీక్ష చేయించాను. ఏమీ లేదని వచ్చింది. ఈసారి నాకు బుద్ధొచ్చింది. వరండాలో కాకుండా లోపలికి పిలిచి, తలుపు వేసి, వేలు ఎటూ చూపించకుండా, "పోయింది" అన్నాను. రిపోర్టు కాగితం అతని చేతిలో పెట్టాను. ఆయమ్మ చెప్పింది. సుక్రు నవ్వలేదు. కాగితం మడిచి పట్టుకుని, నా వంకే చూస్తూ, నెమ్మదిగా ఏదో అడిగాడు.

ఆవిడ నోట్లో చుట్ట లేకపోయినా ఉన్నట్టు నోరు బిగించుకుని నిలబడింది.

"ఏమంటున్నాడు?"

"మీ గళ్ల పరీచ్చ ఎప్పుడని అడుగుతన్నాడు."

నాకు అర్థం కాలేదు.

"తనకి పోనాది, మరి డాట్రుబాబుకో అంతన్నాడు. మీకు పోయీదాకా ఇంకా మింగుతాడంట. మద్దిలో ఒదిలీసి ఎల్లనంతన్నాడు."

ఆరునెలలుగా ఆ మనిషి పొద్దున్నే కొండ దిగి వచ్చింది దేనికో అప్పుడు తెలిసింది నాకు. నోరు తెరవమన్నది కాపలా కాదు. తేనె వెక్కిరింత కాదు. పెళ్లిలో ఉన్న నాకు ఫోను చేయించింది వంక కోసం కాదు. చాలా సిగ్గేసింది. ఆయమ్మ వైపు తిరిగాను.

"నీకు ముందే తెలుసా, ఇతను నిజంగా నమ్మాడని?"

"నమ్మకపోతే ఆర్నెల్లు మింగుతాడా బాబూ, అంత సేదు" అంది. "ఎల్లి పరీచ్చ సేయించుకోండి. ఆడికి పనికి టైమవుతన్నాది."

ల్యాబులోకి వెళ్లి డబ్బీ తీసుకున్నాను. లేని దగ్గు తెచ్చుకుని, బలవంతాన కాస్త గళ్ల తీసి టెక్నీషియనుకి ఇచ్చాను. చూసి చెప్పేసరికి మధ్యాహ్నం దాటింది. సుక్రు ఆ రోజు పనికి వెళ్లలేదు, అన్నం తినలేదు, వరండా బెంచీ మీంచి కదల్లేదు. ఆయమ్మ గదులు ఊడవడం మానేసి అతని పక్కన కింద కూర్చుంది.

నా కాగితం నేనే తెచ్చి అతని చేతికిచ్చాను. అతనికి చదువు రాదు. ఆవిడ వేలితో చూపిస్తూ చెప్పింది, బాబుకీ ఏటీ లేదని. అతను రెండోసారి అడిగి చెప్పించుకున్నాడు. అప్పుడు కండువాతో మొహం తుడుచుకుని, కొండవైపు తిరిగి దణ్ణం పెట్టి, నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక చూస్తే, బెంచీ మీద ఒక కాగితం మిగిలి ఉంది. అది అతనిది. నాది పట్టుకెళ్లాడు.